నీళ్లలో దిగాక ఓటీఏ అప్‌డేట్ ఉండదు: అండర్‌వాటర్ డేటా లాగర్‌ను సెట్ చేసే పద్ధతి, స్టెప్ బై స్టెప్

ఫోన్‌లో ఒక సెట్టింగ్ తేడా కొడితే మనకు పెద్ద కష్టం లేదు. మళ్లీ లోపలికి వెళ్లి మార్చేస్తాం. మరీ ముదిరితే ఫ్యాక్టరీ రీసెట్ కొడతాం. స్మార్ట్‌వాచ్ అయినా, ఇయర్‌బడ్స్ అయినా అంతే. కానీ ఈరోజు మాట్లాడుకోబోయే గ్యాడ్జెట్ అలాంటిది కాదు. దీన్ని సెట్ చేసి, మూత బిగించి, నీళ్లలో వదిలేస్తాం. వైఫై, బ్లూటూత్ రెండూ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను ఉప్పునీళ్లు కొన్ని సెంటీమీటర్లలోనే మింగేస్తాయి. కాబట్టి వారం తర్వాత బయటికి తీసేదాకా లోపల ఏం జరుగుతోందో మనకు తెలియదు. దించే ముందు చేసిన కాన్ఫిగరేషనే ఫైనల్.

అండర్‌వాటర్ డేటా లాగర్ అంటే నీటిలో ఉండి, సెన్సర్ల రీడింగ్‌లను టైమ్‌తో సహా మెమరీలో రాసుకునే చిన్న కంప్యూటర్. మా బాబాయికి భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువు ఉంది. అక్కడ వాడడానికి నేను ఒకటి సొంతంగా కట్టాను. రెడీమేడ్‌ది కొన్నా, ఇంట్లో కట్టినా సెట్ చేసే పద్ధతి దాదాపు ఒకటే. అందుకే ఈ ఆర్టికల్‌లో కోడ్ కంటే సెట్టింగ్స్ మీద, వాటి వెనక ఉన్న కారణాల మీద ఎక్కువ మాట్లాడుకుందాం.

ముందు ప్రశ్న, తర్వాత సెన్సర్

చాలామంది ముందు సెన్సర్లు కొనేసి, తర్వాత ఏం కొలవాలో ఆలోచిస్తారు. దీన్ని తిరగేయండి. నీటిని మీరు అడగాలనుకుంటున్న ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. మా ప్రశ్న ఇది: రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ ఎంతకు పడిపోతోంది, ఏ టైమ్‌కి?

ఈ ప్రశ్న ఎందుకంటే, రొయ్యల రైతుకు అసలు భయం రాత్రే. పగలు ఎండలో నీటిలోని నాచు, ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేస్తాయి. చీకటి పడగానే ఆ తయారీ ఆగిపోతుంది. కానీ అదే నాచు, రొయ్యలు, అడుగున ఉన్న బాక్టీరియా అన్నీ కలిసి ఊపిరి పీల్చుకోవడం మాత్రం ఆపవు. దాంతో తెల్లవారేలోపు ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. నీటిలో కరిగిన ఈ ఆక్సిజన్‌నే రైతులు డీవో అంటారు. ఇది లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉండాలని చూసుకుంటారు. 3 కిందికి వస్తే రొయ్యలకు ఒత్తిడి మొదలవుతుంది. ఇంకా పడితే పైకి తేలతాయి. నెలల తరబడి పెట్టిన మేత, కరెంటు, అప్పు అన్నీ ఒక్క తెల్లవారుజామున పోవచ్చు. లాగర్‌లో ఒక సెట్టింగ్ తప్పుగా ఉంటే పోయేది గ్రాఫ్ ఒక్కటే కాదు, ఆ గ్రాఫ్‌ను నమ్మి తీసుకున్న నిర్ణయం కూడా.

నా సెటప్

ప్రాసెసర్‌గా ఈఎస్‌పీ32. టైమ్ కోసం డీఎస్3231 క్లాక్ మాడ్యూల్. టెంపరేచర్‌కు వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20. డీవో, పీహెచ్, కండక్టివిటీలకు అట్లాస్ సైంటిఫిక్ వాళ్ల ఈజెడ్‌ఓ బోర్డులు, వాటి ప్రోబ్‌లు. డేటా రాయడానికి మైక్రో ఎస్‌డీ కార్డు. పవర్‌కు 18650 సెల్.

వైరింగ్‌లో రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, పీహెచ్ ప్రోబ్ ఇచ్చేది చాలా సున్నితమైన సిగ్నల్. అదే నీటిలో కండక్టివిటీ ప్రోబ్ కరెంటు పంపుతుంటే పీహెచ్ రీడింగ్ దారి తప్పుతుంది. ప్రతి ప్రోబ్‌ను విడివిడిగా పెడితే కరెక్టుగా చూపించి, అన్నీ ఒకే బకెట్‌లో వేయగానే పిచ్చి అంకెలు వస్తున్నాయంటే కారణం సాధారణంగా ఇదే. అందుకే ఎలక్ట్రికల్ ఐసొలేషన్ ఉన్న క్యారియర్ బోర్డులు వాడాలి. రెండోది, ఈజెడ్‌ఓ బోర్డులు కొత్తగా వచ్చినప్పుడు యూఆర్ట్ మోడ్‌లో ఉంటాయి, ఎల్‌ఈడీ ఆకుపచ్చగా వెలుగుతుంది. వాటిని ఐ2సీ మోడ్‌కు మార్చాలి, అప్పుడు నీలం అవుతుంది. డీఫాల్ట్ ఐ2సీ అడ్రస్‌లు డీవోకు 97, పీహెచ్‌కు 99, కండక్టివిటీకి 100. వేర్వేరు అడ్రస్‌లు కాబట్టి అన్నీ ఒకే రెండు వైర్ల మీద నడిచిపోతాయి.

స్టెప్ 1: టైమ్ సెట్ చేయడం

మన ప్రశ్నలోనే ‘ఏ టైమ్‌కి’ అని ఉంది. కాబట్టి ఇక్కడ సెన్సర్‌కు ఎంత విలువ ఉందో, గడియారానికీ అంతే ఉంది.

ఈఎస్‌పీ32 డీప్ స్లీప్‌లో వాడే లోపలి క్లాక్ టెంపరేచర్‌ను బట్టి అటూ ఇటూ అవుతుంది. రోజుల తరబడి దాన్ని నమ్మలేం. డీఎస్3231 మాత్రం 0 నుంచి 40 డిగ్రీల మధ్య 2 పీపీఎం కచ్చితత్వంతో నడుస్తుంది. అంటే ఏడాదికి ఒక నిమిషం తేడా. మన పనికి అది చాలు.

ఇక టైమ్ జోన్. ఉదయం 5:30 అంటే యూటీసీలో సరిగ్గా అర్ధరాత్రి 00:00. లాగర్ యూటీసీలో రాస్తూ, చూసేవాళ్లు దాన్ని మన టైమ్ అనుకుంటే, తెల్లవారుజామున పడిన డీవో అర్ధరాత్రి పడినట్టు కనిపిస్తుంది. రైతు రాత్రి 11కి ఏరేటర్లన్నీ వేసి, 3కి ఆపేస్తాడు. అసలు గండం అప్పుడే మొదలవుతుంది. ఏ జోన్ వాడినా పర్లేదు, కానీ ఫైల్ మొదటి లైన్‌లో అది ఏ జోనో రాసి ఉండాలి. నేనైతే నేరుగా మన టైమే పెట్టాను, ఎందుకంటే ఆ ఫైల్ చూసేది బాబాయి.

మూడోది, నిద్ర లెక్క. ‘రీడింగ్ తీసుకో, 15 నిమిషాలు పడుకో’ అని కోడ్ రాస్తే, రీడింగ్‌కు పట్టే 20 సెకన్లు ప్రతిసారీ అదనంగా చేరతాయి. 15 నిమిషాలకొకటి అంటే రోజుకు 96 రీడింగ్‌లు. 96 సార్లు 20 సెకన్లు అంటే 32 నిమిషాలు. రోజుకు రెండు రీడింగ్‌లు గల్లంతు. అందుకే నిద్రకు టైమర్ పెట్టకుండా, డీఎస్3231 అలారంతో 00, 15, 30, 45 నిమిషాలకు లేపండి. రెడీమేడ్ లాగర్లలో దీనికోసమే డిలేయ్డ్ స్టార్ట్ ఆప్షన్ ఉంటుంది. రౌండ్ టైమ్‌కు మొదలయ్యేలా పెట్టుకుంటే, రెండు లాగర్ల డేటాను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం కూడా సులువు.

15 నిమిషాలే ఎందుకు? గంటకొకసారి అయితే డీవో నెమ్మదిగా తగ్గడం తెలుస్తుంది కానీ, మధ్యలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన అరగంట కనిపించకపోవచ్చు. నిమిషానికొకసారి అయితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కొత్తగా తెలిసేది తక్కువ.

స్టెప్ 2: రీడింగ్‌ల వరుస

సెన్సర్లను ఏ వరుసలో చదివినా ఒకటే అనిపిస్తుంది. కానీ ఒకదాని జవాబు ఇంకోదానికి ఇన్‌పుట్. ముందు టెంపరేచర్. దాన్ని కండక్టివిటీ, పీహెచ్, డీవో బోర్డులకు పంపాలి. కండక్టివిటీ ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం మారుతుంది, కాబట్టి దాన్ని 25 డిగ్రీల లెక్కకు తేవాలి. తర్వాత కండక్టివిటీ నుంచి ఉప్పదనం. ఆ ఉప్పదనాన్ని డీవో బోర్డుకు ఇచ్చి, చివరగా డీవో చదవాలి.

ఉప్పదనం ఎందుకంటే, ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో గరిష్ఠంగా లీటరుకు 7.56 మిల్లీగ్రాములు కరిగితే, 35 పీపీటీ ఉన్న సముద్రపు నీటిలో సుమారు 6.2 మాత్రమే. బాబాయి చెరువులో ఉప్పదనం 8 పీపీటీ దగ్గర ఉంటుంది, అక్కడ సుమారు 7.2. సెట్టింగ్‌ను సున్నా దగ్గరే వదిలేస్తే లాగర్ ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తుంది. రైతుకు ప్రమాదం తెచ్చేది ఈ వైపు తప్పే.

స్టెప్ 3: కాలిబ్రేషన్

పీహెచ్: రొయ్యల చెరువుల్లో పీహెచ్ ఎక్కువగా 7.5 నుంచి 8.5 మధ్య తిరుగుతుంది. కాబట్టి 7, 10 బఫర్ ద్రావణాలతో చేస్తే కొలవాల్సిన విలువ రెండింటి మధ్యలో ఉంటుంది. ఈజెడ్‌ఓలో ముందు మిడ్ పాయింట్, అంటే 7 చేయాలి. మిడ్ కమాండ్ ఇవ్వగానే పాత పాయింట్లన్నీ చెరిగిపోతాయి. వరుస తిరగేసి 10 ముందు చేస్తే, ఆ శ్రమ వృథా. ఒక బఫర్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ప్రోబ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. అయిపోయాక స్లోప్ విలువ అడగండి. 25 డిగ్రీల దగ్గర ఆదర్శ ప్రోబ్ ఒక్కో పీహెచ్ యూనిట్‌కు 59.16 మిల్లీవోల్టులు ఇస్తుంది, దాన్ని 100 శాతం అంటారు. మీ ప్రోబ్ 90 కిందికి జారుతుంటే దానికి వయసైపోతోందని అర్థం. వాడనప్పుడు ప్రోబ్‌ను పొటాషియం క్లోరైడ్ స్టోరేజ్ ద్రావణంలోనే ఉంచాలి. ఎండబెట్టకూడదు, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టకూడదు.

ఇంత జాగ్రత్త పీహెచ్‌కు అవసరమా అంటే, అమ్మోనియా సంగతి చూడండి. నీటిలో ఉన్న మొత్తం అమ్మోనియాలో విషం లాంటి భాగం ఎంతో నిర్ణయించేది ప్రధానంగా పీహెచ్, టెంపరేచర్. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే అది 7 శాతం పైచిలుకు. పీహెచ్ 9 అయితే దాదాపు 45 శాతం. అమ్మోనియా కిట్ ఒకే అంకె చూపించినా ప్రమాదం ఆరు రెట్లు తేడా.

కండక్టివిటీ: ముందు ప్రోబ్ మీద రాసిన కే విలువ సెట్ చేయండి. తర్వాత ప్రోబ్ పొడిగా ఉన్నప్పుడు డ్రై కాలిబ్రేషన్. ఆ తర్వాత మీ నీటికి దగ్గరగా ఉండే స్టాండర్డ్ ద్రావణం. మంచినీటి చెరువుకు 1,413 మైక్రోసీమెన్స్‌ది సరిపోతుంది. కాస్త ఉప్పగా ఉన్న మా చెరువుకు 12,880 తీసుకున్నాను. ప్రోబ్‌ను ద్రావణంలో కదిపి, బుడగలు పోయాక రీడింగ్ నిలకడగా ఉందో లేదో చూడండి.

డీవో: ప్రోబ్‌ను గాలిలో పెట్టి 100 శాతంగా లాక్ చేయడం మామూలు పద్ధతి. ఇక్కడ చాలామంది చూడని విషయం గాలి పీడనం. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం, దాంతోపాటు గాలిలోని ఆక్సిజన్ పీడనం, తీరం కంటే 6 శాతం దాకా తక్కువ. హైదరాబాద్‌లో రూమ్‌లో కూర్చుని, పీడనం సెట్టింగ్ ముట్టుకోకుండా 100 శాతం లాక్ చేసి భీమవరంలో దించితే, అసలు 3.0 ఉన్నచోట 3.2 అని చూపిస్తుంది. మళ్లీ అదే ప్రమాదకరమైన వైపు. దీనికి సింపుల్ పరిష్కారం, డీవో కాలిబ్రేషన్ చెరువు గట్టు మీదే చేయడం. నీడలో పెట్టి, టెంపరేచర్ రీడింగ్ నిలకడగా అయ్యాక లాక్ చేయండి. సున్నా పాయింట్‌కు జీరో ఆక్సిజన్ ద్రావణం వాడాలి.

స్టెప్ 4: సెన్సర్ అబద్ధం చెప్పినప్పుడు

ప్రతి సెన్సర్‌కూ ఒక తెలిసిన అబద్ధం ఉంటుంది. డీఎస్18బీ20 పవర్ వచ్చిన వెంటనే, కొలవడం పూర్తికాకముందే అడిగితే 85 డిగ్రీలు అంటుంది. 12 బిట్ రీడింగ్‌కు 750 మిల్లీసెకన్ల దాకా ఆగాలి. వైర్ ఊడిపోతే దాని పాపులర్ ఆర్డునో లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. ఈ అంకెలే డీవో బోర్డుకు కాంపెన్సేషన్‌గా వెళ్తే అక్కడ కూడా చెత్తే వస్తుంది.

అందుకని మూడు రూల్స్ పెట్టుకున్నాను. నిద్ర లేచాక మొదటి రెండు రీడింగ్‌లు వదిలేసి, తర్వాతి ఐదింటిలో మధ్య విలువ తీసుకోవాలి. సగటు తీస్తే ఒక్క పిచ్చి రీడింగ్ మొత్తాన్ని లాగేస్తుంది. సెన్సర్ పలకకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి, 0 రాయకూడదు. డీవో కాలమ్‌లో 0 అంటే రొయ్యలు చచ్చిపోయాయని అర్థం, వైర్ ఊడిందని కాదు. మూడోది, ప్రతి లైన్‌లో స్టేటస్ కోడ్, బ్యాటరీ వోల్టేజ్ కూడా రాయాలి. ఒక్కో లైన్ రాయగానే ఫైల్ క్లోజ్ చేస్తే, బ్యాటరీ హఠాత్తుగా పోయినా అప్పటిదాకా ఉన్న డేటా మిగులుతుంది.

స్టెప్ 5: బ్యాటరీ లెక్క

స్పెక్ షీట్ చూసి గెస్ చేయకండి, లెక్క వేయండి. మెలకువగా ఉన్న 20 సెకన్లు 80 మిల్లీయాంపులు తాగుతుంది అనుకుందాం. 15 నిమిషాలకు, అంటే 900 సెకన్లకు సగటున 1.8 మిల్లీయాంపులు. నిద్రలో బోర్డు 0.5 తాగితే మొత్తం 2.3. 3,000 ఎంఏహెచ్ సెల్‌ను 2.3తో భాగిస్తే సుమారు 1,300 గంటలు, 54 రోజులు. అందులో 70 శాతమే నమ్మండి, 38 రోజులు. ఈఎస్‌పీ32 చిప్ ఒక్కటే నిద్రలో మైక్రోయాంపుల్లో ఉంటుంది కానీ, డెవలప్‌మెంట్ బోర్డు మీద ఉన్న పవర్ ఎల్‌ఈడీ, రెగ్యులేటర్ తాగేది దానికి ఎన్నో రెట్లు. ఈజెడ్‌ఓ బోర్డులకు కూడా స్లీప్ కమాండ్ పంపడం గుర్తుంచుకోండి. మీ బోర్డు అసలు ఎంత తాగుతోందో మల్టీమీటర్‌తో చూసి ఇవే లెక్కలు మీ అంకెలతో వేసుకోండి.

స్టెప్ 6: బాక్స్, చోటు

ఫోన్ల రివ్యూల్లో ఐపీ67 అంటే 1 మీటర్ లోతులో 30 నిమిషాలని చదివే ఉంటారు. ఐపీ68లో లోతు, టైమ్ కంపెనీ చెప్పినంత. రెండూ మంచినీటి టెస్టులే. వారాల తరబడి ఉప్పునీటిలో ఉండడం వేరే సంగతి. ఓ రింగ్‌కు సిలికాన్ గ్రీజ్ రాసి, అందులో వెంట్రుక కూడా లేకుండా చూడండి. ముందు లోపల సర్క్యూట్ బదులు టిష్యూ పేపర్, బరువుకు రాళ్లు పెట్టి, డ్రమ్ములో ఒక రాత్రంతా ముంచండి. పొద్దున టిష్యూ పొడిగా ఉంటేనే సర్క్యూట్ లోపలికి వెళ్లాలి. సిలికా జెల్ ప్యాకెట్ కూడా వేయండి.

చెరువులో ప్రోబ్‌లు అడుగుకు ఒక అడుగు పైన ఉండాలి. రొయ్యలు తిరిగేది కింద, పైన నీళ్లు ఎంత బాగున్నా వాటికి లాభం లేదు. ఏరేటర్ పక్కనే పెడితే అంకెలు అందంగా వస్తాయి, మిగతా చెరువు సంగతి తెలియదు. అలాగని నీళ్లు కదలని మూల కూడా వద్దు, ఎందుకంటే ఈ రకం డీవో ప్రోబ్ కొలుస్తూనే కాస్త ఆక్సిజన్ వాడుకుంటుంది, నీళ్లు కదలకపోతే తక్కువ చూపిస్తుంది. ఆప్టికల్ ప్రోబ్‌కు ఈ ఇబ్బంది లేదు, ధర ఎక్కువ. ఇంకో ముఖ్యమైన మాట: నీళ్లలో దిగే ముందు ఏరేటర్ల మెయిన్ స్విచ్ ఆపించండి. దిగిన మనిషి బయటికి వచ్చేదాకా స్విచ్ దగ్గర ఒకరు ఉండాలి.

డేటా ఏం చెప్పింది

మొదటి వారం ఫైల్ తెరిచినప్పుడు బాబాయి నమ్మలేదు. ‘ఏరా, పొద్దున్న ఏడున్నరకి కిట్‌తో నేను చూశాను కదా, 5 ఉంది. నీ మిషన్ 3.2 అంటోందేంటి?’ అన్నాడు. గ్రాఫ్‌లో వేలు పెట్టి చూపించాను. 3.2 ఉన్నది 5:15కి. ఏడున్నరకి లాగర్ కూడా 5 దగ్గరే చూపిస్తోంది. రెండూ నిజమే. ఎండ వచ్చిన రెండు గంటల్లో నీరు కోలుకుంది. ‘అంటే నేను చూసేసరికే గండం గడిచిపోతోందన్నమాట’ అన్నాడు.

కిట్‌లో తప్పు లేదు, చూసే టైమ్‌లోనే ఉంది. ఆ తర్వాత రాత్రి 1 నుంచి తెల్లవారి ఎండ వచ్చేదాకా అదనంగా రెండు ఏరేటర్లు నడపడం మొదలుపెట్టాడు. సాయంత్రం 6 నుంచి నడిపే ఒకదాన్ని ఆలస్యంగా వేస్తున్నాడు, అప్పుడు డీవో ఎలాగూ బాగానే ఉంటోంది కాబట్టి. రెండో వారం ఫైల్‌లో ఏ రాత్రీ 4 కిందికి పోలేదు.

ఇక్కడే ఈ గ్యాడ్జెట్ పరిమితి కూడా చెప్పాలి. నీళ్లలో ఉన్న లాగర్ రాత్రి 3 గంటలకు మిమ్మల్ని లేపదు. అది జరిగినదాన్ని చెబుతుంది, రేపటి ప్లాన్‌కు పనికొస్తుంది. అలర్ట్ కావాలంటే యాంటెన్నా నీటిపైన తేలేలా బోయా, సిమ్ మాడ్యూల్ కావాలి. అది వేరే ప్రాజెక్ట్.

మెయింటెనెన్స్: నాచుకు లెక్క కట్టడం

వెచ్చటి చెరువులో నాలుగు రోజులకే ప్రోబ్ మీద జిగురుగా పొర పడుతుంది. ఊరికే తుడిచేయకండి. అమెరికా జియలాజికల్ సర్వే 2006లో వెలువరించిన మార్గదర్శకాల్లో ఉన్న పద్ధతి చాలా సింపుల్‌గా ఉంటుంది. తుడవకముందు చెరువు నీటిలో ఒక రీడింగ్, తుడిచాక అదే నీటిలో ఇంకో రీడింగ్. ఆ మధ్యలో నీళ్లు మారి ఉంటే ఆ మార్పు తెలియడానికి శుభ్రమైన వేరే మీటర్ పక్కన ఉండాలి. ఈ తేడా నాచు వల్ల వచ్చింది. తర్వాత బఫర్ ద్రావణంలో పెట్టి చూస్తే వచ్చే తేడా సెన్సర్ డ్రిఫ్ట్. రెండూ నోట్ చేసుకుంటే పోయిన నాలుగు రోజుల డేటాను పారేయకుండా సరిదిద్దుకోవచ్చు.

మూత బిగించే ముందు చెక్‌లిస్ట్

1. క్లాక్‌ను ఫోన్ టైమ్‌తో పోల్చారా? ఫైల్‌లో టైమ్ జోన్ రాసి ఉందా?
2. అలారం రౌండ్ నిమిషాలకు మోగుతోందా?
3. ఉప్పదనం, గాలి పీడనం సెట్ అయ్యాయా?
4. కాలిబ్రేషన్ తేదీ, పీహెచ్ స్లోప్ విలువ రాసుకున్నారా?
5. ఒక ప్రోబ్ పీకేసి, ఆ గడి ఖాళీగా వస్తోందో లేదో చూశారా?
6. కార్డులో పాత ఫైల్ కాపీ తీసుకున్నారా?
7. బకెట్ నీళ్లలో కనీసం రెండు గంటలు నడిపి, ఆ ఫైల్ తెరిచి చదివారా?

ఏడోది మాత్రం అస్సలు వదలకండి. లైట్ వెలుగుతోంది కదా అని దించేస్తే, వెలిగింది లైటే కావచ్చు. ఫైల్‌లో ఎనిమిది లైన్లు, ఎనిమిది సరైన టైమ్‌లు, నమ్మదగిన అంకెలు కనిపించాకే నీళ్లలో వదలండి.

చెరువు లేనివాళ్లు కూడా దీన్ని ట్రై చేయొచ్చు. ఇంట్లో అక్వేరియం, ఊరి చెరువు, అపార్ట్‌మెంట్ సంప్, ఏదైనా సరే. మొదటిసారికి టెంపరేచర్ సెన్సర్, క్లాక్, కార్డు చాలు. ఆ మూడింటితో వారం రోజుల శుభ్రమైన డేటా తీయగలిగితే, ఖరీదైన ప్రోబ్‌ల మీద డబ్బు పెట్టడానికి మీరు రెడీ.